తగు చర్య

అయ్యా, మా ఇంటి ముందు వీధిదీపం తొమ్మిది రోజులు వెలగలేదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, అందునా సగం వీధి మనవాళ్లే ఉన్నచోట, చెత్తడబ్బా కోసం చీకట్లో తడుముకున్నాను. అదీ భరించాను. భరించలేనిది వేరే ఉంది.

కాలనీ సంఘానికి మెయిలు పెట్టాను. స్తంభం నంబరు, దీపం ఆరిన తేదీ, నా చిరునామా, చివర కిరీటంలా "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్". మూడు రోజులకు జవాబొచ్చింది: "ఏం చేయమంటారు?"

చూశారా! సెలవు చీటీలో అదే రాశాం, బ్యాంకు మేనేజరుకి అదే, కరెంటాఫీసుకి అదే, కాలేజీలో టీసీ కోసం అదే. ఒక్కరైనా "ఏం చేయమంటారు" అన్నారా? పని చేశారా అంటే, అది వేరే సంగతి.

"నాన్నా, 'ఫిక్స్ ద ల్యాంప్' అని రాయొచ్చుగా" అంది తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. పాలేరుతోనైనా అలా అంటామా? మా నాన్న మండలాఫీసుకి అర్జీ పెడితే "తగు చర్య తీసుకోగలరని ప్రార్థన" అని ముగించేవారు. ఆ తగు చర్య ఏదో గుమస్తాగారికి తెలియదనుకోవడమే మహాపరాధం. పైగా ఈ నీడ్‌ఫుల్ మనం కల్పించిందా? దొరలు వాడి వాడి వదిలేస్తే, పాత కోటులా మనం తొడుక్కున్నాం. బొత్తాలు కూడా ఊడలేదు.

'ప్రీపోన్' గతి ఇంకా ఘోరం. 1913లో ఒకాయన న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసి, 'పోస్ట్‌పోన్'కి పోటీగా ఈ మాటను ప్రతిపాదించాడు. అంటే ఈ గడ్డ మీద పేరు పెట్టిన బిడ్డ! మొన్న ఆఫీసులో మీటింగు ప్రీపోన్ చేద్దామన్నాను. అందరూ నాకు జ్వరం వచ్చిందేమోనన్నట్టు చూశారు.

ఇక్కడి వాళ్లేమో తమకు లెక్కలేదని చెప్పడానికి "ఐ కుడ్ కేర్ లెస్" అంటారు. 'కుడన్ట్' ఉండాల్సిన చోట 'కుడ్'. ఆ లెక్కన ఇంకా కొంత లెక్క మిగిలే ఉందన్నమాట. ఎంత మిగిలిందని నేనెప్పుడైనా అడిగానా? పెద్దమనిషిని గనక అడగలేదు.

చివరికి అమ్మాయి చెప్పినట్టే మూడు ముక్కలు రాశాను. మర్నాడు సాయంత్రానికి దీపం వెలిగింది. దాంతోపాటు మెయిలు: "డన్." అంతే. నమస్కారం లేదు, ఇట్లు లేదు, భవదీయుడు లేడు.

ఆ వెలుగులోనే అరుగు మీద కూర్చుని "నోటెడ్ విత్ థ్యాంక్స్, ప్లీజ్ రివర్ట్ బ్యాక్ ఇఫ్..." దాకా వచ్చాను. అమ్మాయి లాప్‌టాప్ లాక్కుపోయింది.