గుడ్ల అట్టల నిశ్శబ్ద విప్లవం

తిరువూరులో అద్దెకు పోర్షన్ చూడబోతే ఓనరుగారు మోటారు వేసి నీళ్లు చూపిస్తారు, వాస్తు వినిపిస్తారు. మధ్య గోడ ఎన్ని అంగుళాలని అడిగితే మాత్రం పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. అది నాలుగున్నర. తొమ్మిది ఎందుకు కట్టలేదంటే, జాగా కలిసొస్తుందట! ఆ మిగిలిన నాలుగున్నర అంగుళాల్లో ఎవరు కాపురం పెట్టారో తెలియదు. ఇవతల మాత్రం పక్కింటి కుక్కరు విజిల్స్ లెక్కపెట్టి తమ స్టవ్ కట్టేసే ఇల్లాళ్లు తయారయ్యారు.

ఈ జబ్బుకు మనవాళ్లు కనిపెట్టిన దివ్యౌషధం గుడ్ల అట్టలు. గోడ నిండా అంటిస్తే చీమ చిటుక్కుమన్నా వినపడదట. అవి గదిలో మారుమోతను కాస్త మింగితే మింగుతాయి, అవతలి మిక్సీ మోతను ఆపలేవు. మోతను ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే, లెక్క ప్రకారం, అవతలికి దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అట్ట బరువెంత? గుడ్లున్నప్పుడే నయం. పైన వెంటిలేటర్ బార్లా తెరిచి ఉంటే ఆ గోడ కూడా దండగే.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. రాత్రి మైకుల సంగతి 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. వీధిలో డీజేకి ఇవన్నీ పనికొస్తాయి, ఎవరైనా ఫోన్ ఎత్తితే. పక్కింటి మామయ్యగారి సీరియల్‌కీ గురకకీ మీటరు పట్టుకుని ఎస్సైగారు వస్తారా?

ఇక మిగిలింది పెద్దల సలహా: “సర్దుకుపోవాలండీ.” గమనించండి, ఈ మాట అనేవాడికి విడిగా ఇండిపెండెంట్ ఇల్లయినా ఉంటుంది, లేదా మోత వాడిదే అయి ఉంటుంది. జగ్దల్‌పూర్ రోడ్డు మీద లారీ హారన్‌కు సర్దుకున్నాం, అది పోతూ ఉంటుంది కాబట్టి. గోడవతలి మనిషి ఎక్కడికీ పోడు. నిజానికి ఆయన తప్పూ లేదు. తన ఇంట్లో తాను పచ్చడి రుబ్బుకుంటున్నాడు, అంతే. తప్పు ఎలివేషన్‌కు లక్షలు పోసి, మధ్య గోడ దగ్గర ఇటుకలు లెక్కపెట్టిన చేతిది.

అయ్యా ఓనరుగారూ, మధ్య గోడ తొమ్మిది అంగుళాలు కట్టించి స్లాబుదాకా లేపండి. రెండు ఇళ్ల స్విచ్‌బోర్డులూ వీపుకి వీపు ఆనించకండి. అమ్మా అద్దెకొచ్చేవారూ, అడ్వాన్సు ఇచ్చేముందు పక్క పోర్షన్‌లో ఒకరిని మామూలుగా మాట్లాడమనండి. ప్రతి మాటా అర్థమైతే ఆ ఇల్లు వద్దు.