అచ్చనగండ్లంటే క్రీడావిశేషం కాదు

మే 28న సురవరం ప్రతాపరెడ్డి గారి జయంతి సభకు రమ్మంటే వెళ్లాను. నలుగురు మాట్లాడారు. నలుగురూ 354 అన్న అంకె చెప్పారు. నైజాంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారని, అందులో 354 మంది ఉన్నారని. అన్నీ నిజాలే. కానీ ఆ 354 మందిలో ఒక్క కవి పేరు గానీ, ఒక్క పద్యం గానీ ఎవరి నోటా రాలేదు. దండ వేశారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా రోజుల్లో ఇంత సంబరం లేదు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం లేదు. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడం నిన్నగాక మొన్నటి మాట. ఇవి జరిగినందుకు నాకు సంతోషమే. కానీ విగ్రహం లేని ఆ రోజుల్లో ఆయన పుస్తకం చదివినవాళ్లు ఉండేవాళ్లు. మా నాయన బడిపంతులు. నైజాం బడిలో ఆయన చదువంతా ఉర్దూలోనే నడిచింది. తెలుగు మాత్రం అరుగు మీద భాగవతం చదివే ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. అలాంటివాళ్ల కోసమే 1926 మే 10న సురవరం వారి గోలకొండ పత్రిక మొదలైంది, మొదట్లో వారానికి రెండుసార్లు. మా ఊరికి ఒక్కటే ప్రతి వచ్చేదట. పటేలు ఇంట్లోంచి మా ఇంటికి, మా ఇంట్లోంచి శెట్టి దుకాణానికి, అక్కణ్నుంచి పక్క ఊరికి తిరిగి తిరిగి మడతల దగ్గర చినిగి వచ్చేది. ఆ చినిగినవాటినే నాయన సుతిలితో కట్టి అటక మీద దాచాడు. నేను కూడబలుక్కుంటూ చదవడం నేర్చింది ఆ కట్టల మీదే.

సురవరం వారు 1896లో బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు, మా ఉమ్మడి పాలమూరు జిల్లానే. మద్రాసులో బీఏ చదివి, లా కూడా పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఆ చదువుకు వకాలతు పట్టుకుంటే మేడలు కట్టవచ్చు. ఆయన హైదరాబాదు వచ్చి రెడ్డి హాస్టల్ బాధ్యత నెత్తిన వేసుకున్నారు, దాని గ్రంథాలయం పెంచారు, ఆ పైన పత్రిక నడిపారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడయ్యారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి, మరుసటి ఏడాది ఆగస్టు 25న పోయారు. యాభై ఏడేళ్లు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో అందరికంటే ముందు. అది తీసుకోవడానికి ఆయన లేరు.

ఈ జీవితకథ ఎవరైనా చెబుతారు. ఆయన పని చేసిన తీరు మాత్రం ఎవరూ చెప్పరు. నా కోపమంతా అక్కడే.

రాజులు ఎవరిని గెలిచారో, ఎన్నేళ్లు ఏలారో రాసినవాళ్లు అంతకు ముందే ఉన్నారు. ఈయన వాళ్లను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడుకున్నారు, దేనికి భయపడ్డారు అని అడిగారు. జవాబు శాసనాల్లో అంతగా దొరకదు. అందుకని కావ్యాల మీద పడ్డారు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి. మాకు తరగతిలో క్రీడాభిరామం చెప్పినప్పుడు అది శృంగారమా, హాస్యమా, వీథి నాటకానికి లక్షణాలేమిటి అని చెప్పి ముగించారు. అందులోనే ఓరుగల్లులో ఒక పూటకూటి ఇంటి భోజనం ఉంది. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక. ఛందస్సు చూసుకుని పద్యం దాటిపోయే మాబోటివాళ్లకు అందులో ధర కనబడలేదు. కాకతీయుల నగరంలో డబ్బిచ్చి తినే చోటు ఉందని, బాటసారి విస్తట్లోకి ఏమేం వచ్చేవో చెప్పే సాక్ష్యం కళ్లముందే ఉందని తట్టలేదు. అలా చూడడం మాకు ఆయన నేర్పారు.

ఇంకొకటి. పాత నిఘంటువు తెరిస్తే వంటకం పేరుకు భక్ష్యవిశేషము అని ఉంటుంది, ఆటకు క్రీడావిశేషము, పిట్టకు పక్షివిశేషము. ఆ అర్థం తెలిసి ఏం లాభం? ఈ లోటు ఆయన్ను ఎంత బాధపెట్టిందో ఆయన రాతలోనే కనబడుతుంది. నిఘంటువు ఆగిపోయిన చోట పల్లె జనాన్ని అడగాలన్నది ఆయన దారి.

ఆ దారి నాకెలా తెలిసిందో చెబుతాను. 1967లో ఎం.ఏ. చదువుతున్నప్పుడు ఒక పాఠంలో అచ్చనగండ్లు అన్న మాట తగిలింది. అర్థం రాయమంటే నేను నిఘంటువు చూసి 'బాలికల క్రీడావిశేషము' అని రాశాను. మా మాస్టారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, "సెలవులకు ఇంటికి పోతావు గదా, మీ నాయనమ్మను అడిగి రా" అన్నారు. దసరాకు ఊరెళ్లి అడిగాను.

"గిది గూడ తెల్వదా బిడ్డా? మరి పట్నంల ఏం సదువుతున్నవు?" అంది నాయనమ్మ.

వాకిట్లోకి వెళ్లి ఐదు గులకరాళ్లు ఏరుకొచ్చింది. కొంగుతో తుడిచి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నాలుగు రాళ్లు కింద జల్లి, ఐదోది పైకి ఎగరేసి, అది దిగేలోపు కింద ఒక్క రాయి ఏరి, దిగే రాయిని అదే చేత్తో పట్టింది. తర్వాత రెండేసి. తర్వాత మూడు, ఒకటి. ఆ పైన నాలుగూ ఒక్క ఊపులో. చివరికి ఐదు రాళ్లూ ఎగరేసి అరచెయ్యి తిప్పి మెటికల మీద నిలబెట్టింది. డెబ్బై దాటిన మనిషి, చూపు కూడా సరిగా ఆనదు. రాయి ఒక్కటి జారలేదు.

నేను అదంతా మూడు పేజీలు రాసుకుపోతే మాస్టారు చదివి, బీరువాలోంచి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తీసి ఇచ్చారు. "ఇప్పుడు చదువు, నీకు అర్థమవుతుంది" అన్నారు. పుస్తకం ఇవ్వడానికి ముందు అర్హత చూసే గురువులు ఉండేవాళ్లు మా రోజుల్లో.

ఆ పుస్తకంలో అన్నిటికీ నేను తలూపను. కొన్నిచోట్ల పరిశోధకుణ్ని పక్కకు నెట్టి సంస్కర్త మాట్లాడతాడు. జూదాల మీద, మూఢనమ్మకాల మీద కోపం వచ్చి తీర్పులు చెప్పేస్తారు. కానీ ఆ కోపం తనవాళ్ల మీద ప్రేమ ఉన్నవాడి కోపం. ఇప్పటి సిద్ధాంత గ్రంథాల్లో కోపమూ లేదు, ప్రేమా లేదు. ఒకరి పీఠికలోంచి ఇంకొకరు ఎత్తి రాసుకోవడమే. మొదటివాడు తేదీ తప్పు రాస్తే పదిమందీ అదే తప్పు రాస్తారు.

పోయిన నెల ఒక కుర్రాడు వచ్చాడు, సురవరం మీదే పరిశోధనట. మర్యాదస్తుడు, తెలివి ఉన్నవాడు. "సాంఘిక చరిత్ర పీడీఎఫ్ నా ఫోన్లో ఉంది సార్" అన్నాడు. చదివావా అంటే, కావలసిన మాట వెతికి చూసుకుంటానన్నాడు. నేను ఒక పుస్తకం కోసం హైదరాబాదు వెళ్లి, మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకున్నవాణ్ని. ఈ పిల్లల చేతిలో పాత పుస్తకాలు, పత్రికలు ఎన్నో ఇంట్లోంచి కదలకుండానే తెరుచుకుంటున్నాయి. సురవరం వారికి ఆ సదుపాయం ఉంటే ఏమేం రాసి ఉండేవారో అనుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇంత కలిమి చేతిలో పెట్టుకుని మాట వెతుక్కుని మూసేస్తారా?

అచ్చనగండ్లంటే ఏమిటి బాబూ అని అడిగాను. ఫోన్ తీశాడు. ఫోన్ బల్ల మీద పెట్టమని, మా పెరట్లోంచి ఐదు రాళ్లు తెమ్మన్నాను. తెచ్చాడు. వరండాలో కింద కూర్చుని మొదటి వరస ఆడి చూపించి, రాళ్లు అతని చేతికిచ్చాను. రెండోసారికే రాయి జారి గడపకు తగిలింది. వాళ్ల అమ్మమ్మ కొల్లాపూర్‌లో ఉంటుందట. అడిగి రాసుకురమ్మని పంపాను. ఇంకా రాలేదు. రాళ్లు కిటికీ గూట్లోనే ఉన్నాయి.