జిరాక్స్ షాపుకి సెక్షన్ లేదు

భీమునిపట్నం 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధుల మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి గానీ, ఎవరి కోడలు ఏ పండక్కి అలిగి పుట్టింటికెళ్ళిందో ఇక్కడ ఎవరికీ చెరిగిపోదు. ఇలాంటి ఊళ్ళో, క్లయింటు చెప్పింది కడుపులో దాచుకోమంటుంది చట్టం, అదీ ప్లీడరుని!

ఒకావిడ ప్లీడరు గారి గుమ్మం ఎక్కుతుంది. "ఏటమ్మా, నువ్వు ఫలానా వారి కోడలివి కదూ? మీ పెళ్ళి భోజనం ఇంకా నోట్లోనే ఉంది" అంటారాయన. ఆ ఆప్యాయతకి కరిగి ఆవిడ అంతా చెప్పేస్తుంది. నగలు ఎక్కడ తాకట్టులో ఉన్నాయో, మొగుడికి తెలీకుండా కట్టిన చీటీ ఎంతో, అన్నీ. ప్లీడరు గారు కుర్చీలో వెనక్కి వాలి, "నిన్న సాయంత్రం మీ ఆయనా ఇక్కడే కూర్చున్నాడమ్మా. ఇద్దరూ మనోళ్ళే. ఇద్దరికీ నేనే చూసేస్తాను, ఫీజు కలిసొస్తుంది" అంటారు.

బార్ కౌన్సిల్ నియమాల్లో 33వది ఒకటుంది. ఒక వ్యవహారంలో ఒక పక్షానికి సలహా ఇచ్చినా, కాగితం రాసినా, అందులోనే ఎదుటి పక్షానికి నిలబడకూడదు. 'మనోడే' అయితే నిలబడొచ్చన్న మినహాయింపు నాకైతే అందులో కనబడలేదు. పరస్పర అంగీకారంతో విడాకులైతే ఒక్క ప్లీడరు చాలంటారు. నిజమే, బిడ్డ ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చేదాకా.

తెలివైన అల్లుళ్ళు ఈ నియమాన్ని ఇంకోలా చదువుకున్నారు. విశాఖలో పేరున్న ప్లీడర్లందరి దగ్గరా తలా అరగంట ఏడ్చి, ఫీజు కట్టి వచ్చేస్తారు. ఆ తర్వాత భార్య ఏ గుమ్మం ఎక్కినా, "ఈ కేసు నేను తీసుకోలేనమ్మా" అనే జవాబే. ఏడుపుకి ఇంత గిట్టుబాటు ధర ఇంకెక్కడా లేదు.

రహస్యానికి కాపలా మాత్రం పాతదే. 1872 సాక్ష్య చట్టంలో సెక్షన్ 126గా ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 132 అయింది. ప్లీడరు నోటికే కాదు, గుమాస్తా నోటికీ తాళమే. క్లయింటు ఏం చెప్పాడో రాబట్టడానికి ప్లీడర్లను పిలిపించకూడదని, చట్టంలోని మినహాయింపులకి తప్ప, దర్యాప్తు సంస్థలకి సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. పోలీసులు అడగలేరన్నమాట. ప్లీడరు గారి తోడల్లుడు అడగొచ్చు, రెండో కప్పు టీ దగ్గర.

భార్యాభర్తల్లో ఒక్కరు కోరినా ఫ్యామిలీ కోర్టు తలుపులు మూసి విచారించాలి. 1984 చట్టం అలాగే అంటుంది. ఆ తలుపుల వెనక చదివే పిటిషను అంతకుముందే జిరాక్స్ షాపులో మూడు కాపీలు తీయించుకుని వస్తుంది. కుర్రాడు పేజీలు సర్దుతూ, "ఆంటీ, నాలుగో పేజీలో మీ ఆడపడుచు పేరు తప్పు పడింది" అంటాడు. పాపం, సాయం చేద్దామనే. అతని నోటికి ఏ సెక్షనూ లేదు.

అందుకని అమ్మలారా, అయ్యలారా, కుర్చీలో కూర్చోగానే కథ మొదలెట్టకండి. మీ పేరు, ఎదుటివారి పేరు మాత్రం చెప్పి, "ఈ కేసు మీరు తీసుకోవచ్చా?" అని అడగండి. తీసుకున్నాక నోరు జారితే, 1961 అడ్వొకేట్ల చట్టం సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫిర్యాదు కాగితం మాత్రం భీమునిపట్నంలో జిరాక్స్ తీయించకండి.