మునిగెడి పడవకు సరంగుల ఎంపిక

బంతిని కాలితో ఒక్కమారైనను తన్ని యెరుగనివాడును, తన్నబోయి బొటనవ్రేలు విరుగగొట్టుకొన్నవాడును, పుట్టిననాటినుండి చదరంగము దక్క మరియొక క్రీడ మొగమైనను చూడనివాడును ఒకచోట కూడిరేని, అర్ధఘడియ గడవకమునుపే ఏదో యొక జట్టునకు పదునొకండుగురు ఆటగాండ్రను ఏరి, వారిలో నలువురను తీసివేసి, తీసివేసినవారిలో ఇద్దరిని మరల చేర్చి, శిక్షకుడు శుద్ధమూఢుడని ఏకగ్రీవముగా తీర్మానించి లేచిపోవుట మన ఆంధ్రదేశమున చిరకాలముగా వర్ధిల్లుచున్న సదాచారము. రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవు మెట్లపై ప్రతిదినము సాయంకాలము కొలువుదీరు మా సభ ఈ ఆచారమును మిక్కిలి నిష్ఠతో పాటించునట్టిది. సభ్యులు నలుగురు: ఉద్యోగవిరమణ చేసిన మాస్టారొకరు, భీమవరము వైపునుండి కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చి, తిరిగిపోవుట మరచిన రాజుగారొకరు, ధవళేశ్వరమున ముప్పదియేండ్లు లస్కరుగా పనిచేసి కాలువల గుట్టుమట్లెల్ల నెరిగిన వృద్ధుడొకడు, కోనసీమలో రొయ్యల చెరువులు గల ఆసామి యొకడు. నేను అయిదవవాడను. నాకు ఓటు లేదు. టీలకు డబ్బులిచ్చు బాధ్యత మాత్రము కలదు.

2024 ఫిబ్రవరి మాసమున ఒకనాడు ఈ సభయెదుటకు వచ్చిన సమస్య హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు దుస్థితి. ఆ జట్టుతో గోదావరివారికేమి పని యని అడుగువారు ఉండవచ్చును. ఆ జట్టు ఆడుచుండిన గచ్చిబౌలి క్రీడాప్రాంగణమునకు జి.ఎం.సి. బాలయోగిగారి పేరు పెట్టియున్నారు. అమలాపురమునుండి ఢిల్లీకి పోయి లోక్‌సభాపతి పీఠము నధిష్ఠించి, 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున అకాలమరణము నొందిన ఆ కోనసీమ బిడ్డ పేరు తలవాకిట నున్నంతకాలము, లోపల ఆడువారిని ఎన్నుకొను హక్కు కోనసీమకు గాక మరెవ్వరికుండునని ఆసామి వాదము. దానికి ఎదురాడుటకు మాలో ఎవ్వరికిని ధైర్యము చాలలేదు; ఆనాడు పకోడీలు తెచ్చినవాడును ఆయనయే.

ముందుగా రోగి పూర్వచరిత్ర. 2019లో, మూతపడిన పుణె జట్టు స్థానమున పుట్టి, మొదటి యేడు 18 ఆటలలో 10 పాయింట్లు మాత్రము సంపాదించి అట్టడుగున కూలబడి, పిమ్మట మనోలో మార్క్వెజ్ అను స్పెయిను దేశపు శిక్షకుని చేతిలో బడి లేచి నిలిచి, 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డా మైదానమున, కేరళ బ్లాస్టర్సుతో 1-1గా ముగిసిన తుదిపోరులో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డగింపగా 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ విజేతయై, మరుసటి యేడు పట్టికలో రెండవ స్థానమును నిలుపుకొన్న ఈ జట్టు, ఆ పై యేటికే జీతములందక విదేశీయులు ఒకరివెంట నొకరు విమానమెక్కగా, జనవరిలో స్వదేశీయులును మూటాముల్లె సర్దుకొనగా, పాత బాకీలు తీర్చనందున కొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము విధింపగా, ఒక్క గెలుపైనను లేక, విదేశీయులలో బ్రెజిలు దేశపు జోవావ్ విక్టర్ ఒక్కడు మాత్రము మిగిలి, తక్కినవారందరు మీసము మొలచి మొలవని కుర్రవాండ్రుగా, తాంగ్‌బోయ్ సింగ్టో అను శిక్షకుని భుజములపై శవభారమై నిలిచియుండెను.

లస్కరు ఈ కథ నంతయు విని, ధవళేశ్వరము ఆనకట్ట భాషలో దానికి వ్యాఖ్యానము చేసెను. అచ్చట నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చిన మొదటి ప్రమాద హెచ్చరికయు, 13.75కు రెండవదియు, 17.75కు మూడవదియు ఎగురవేయుదురని గోదావరి గట్టున పాలుత్రాగు పసివానికిని తెలియును.

“మొదటి హెచ్చరిక జీతాలు ఆగిననాడేనండి. రెండోది పెద్ద ఆటగాళ్ళు వెళ్ళిపోయిననాడండి. ఇప్పుడు మూడోదీ దాటేసిందండి. మేమైతే ఈపాటికి లంకల్లో జనాన్ని పడవలెక్కించేద్దుమండి, ఆయ్.”

అయినను సభ నిరుత్సాహపడలేదు. రోగి కొనయూపిరితో నున్నప్పుడే గదా ఇరుగుపొరుగు వైద్యులకు సందడి!

మొదటి మార్గము రాజుగారిది. వారి మూలగ్రంథము కుక్కుటశాస్త్రము. న్యాయస్థానములు ఎన్నిమారులు వలదన్నను సంక్రాంతికి కోడిపందెముల బరులు వెలయుచునే యుండుటయు, ఏ వారమున ఏ జామున డేగ పుంజు గెలుచునో, నెమలి పుంజు ఓడునో ఆ శాస్త్రమును విప్పి చూచుకొనుటయు వారి ప్రాంతమున నిత్యవిధి. జట్టు చొక్కా రంగేమని వారడిగిరి. పసుపు, నలుపు అని చెప్పితిమి.

“అయితే పచ్చకాకండి. జాతి మంచిదే. ఏ దిక్కునుంచి దింపుతున్నారో చూసుకోవాలంతే. అదలా ఉంచండి, మేపు ఎలా ఉంది? మేం పుంజుకి బాదంపప్పు పెడతాం, కైమా పెడతాం, ఈత కొట్టిస్తాం, వేణ్ణీళ్ళతో ఒళ్ళు కాపుతాం. ఈ కుర్రాళ్ళకి ఏం పెడుతున్నారంట?”

“జీతాలే లేవటండి రాజుగారూ,” అంటిని.

రాజుగారు చాలసేపు గోదావరివంక చూచి, “అయితే మా పుంజే నయం,” అని శాస్త్రము మూసివేసిరి.

రెండవ మార్గము ఆసామిది. సముద్రమున నుండునంతకాలము ఇలస యనిపించుకొని, వరదనీటికి ఎదురీది గోదావరిలో ప్రవేశించినంతనే పులసయై, పుస్తెలమ్మియైనను తినవలెనను లోకోక్తికి పాత్రమగు మత్స్యమువంటివాడే విదేశీ ఆటగాడని ఆయన సిద్ధాంతము. మొన్న హైదరాబాదువారు పులసను తినిరి. పులుసు బాకీ ఇంకను తీరలేదు. ఇప్పుడు చట్టిలో మిగిలినవి కట్టిపరిగెలు. అందుచేత, ఒడిశానుండి మంచుపెట్టెలలో వచ్చు ఇలసను మా రేవులలో పులసయని అమ్మునట్లుగా, ఉన్న కుర్రవాండ్రలో పొడగరి నొకనిని చూచి, జుట్టునకు రంగువేసి, వీపున నోరు తిరుగని పేరొకటి వ్రాయించి దింపినచో ప్రతిపక్షము సగము జడియునని ఆయన సెలవిచ్చెను. ఈ ఉపాయము మైదానమున పనిచేయదు గాని, పాలకవర్గములలో విరివిగా పనిచేయుచున్నదని నా అనుభవము.

మూడవది లస్కరుది. వరద ముంచుకొని వచ్చినప్పుడు గేట్లు దింపినచో ఆనకట్టకే ముప్పుగాన, ధవళేశ్వరమున 175 గేట్లను ఎత్తివేసి నీటిని సముద్రమునకు వదలుదురు గదా, అట్లే రక్షణపంక్తి నెల్ల ఎత్తివేసి అందరిని ముందుకు తోలవలెనని అతని మతము. తీరా చూడగా, ఈ పద్ధతిలో మొదటి సగమును జట్టువారు ఎవ్వరును చెప్పకయే ఆచరించుచుండిరి. ఏడాది ముగియునప్పటికి 22 ఆటలలో వారి గేట్లగుండ 43 గోల్సు పారినవి. వారు కొట్టినవి 10.

నాలుగవది మాస్టారిది. వారు మాటాడుటకు మునుపు కండ్లద్దములు తుడుచుకొందురు. ఆనాడు రెండుమార్లు తుడుచుకొనిరి. “ఎంపిక అంటే రహీం గారిది,” అని మొదలుపెట్టిరి. హైదరాబాదున బడిపంతులుగా నుండి, నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా రోవర్స్ కప్పును గెలిపించి, దేశపు జట్టునకే గురువైన సయ్యద్ అబ్దుల్ రహీము, 1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికే క్యాన్సరు వ్యాధి ఆయనను లోలోపల తినివేయుచుండెను. అచ్చట జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడినవి. అతడు రక్షణపంక్తికి వెన్నెముక. తలతో బంతిని అడ్డవలసినవాడు తలకు కట్టుతో నున్నాడు. మరియొకడైనచో వానిని విశ్రాంతి తీసికొమ్మనును. రహీము వానిని వెనుకనుండి తీసి ముందున నిలిపి, సెంటర్ ఫార్వర్డుగా ఆడించెను. వాడు సెమీఫైనలున గోలు కొట్టెను. లక్షమందికి చేరువగా ప్రతికూలులైన ప్రేక్షకులు గర్జించుచుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనలునను కొట్టెను. స్వర్ణము తెచ్చిన ఆ గురువు మరుసటి యేడు జూన్‌లో కన్నుమూసెను.

సభ నిశ్శబ్దమాయెను. ఆ నిశ్శబ్దమును చెరచిన పాపము నాది. “మాస్టారూ, రహీంగారి పోలీసులకి ఒకటో తారీకున జీతం వచ్చేది కదండీ?” అంటిని.

మాస్టారు మూడవమారు అద్దములు తుడుచుకొనిరి. పదునొకండుగురిని ఏరుట గొప్ప విద్యయే. కాని ఏరుటకు ఇరువదిమంది యుండవలెను, ఆ ఇరువదిమంది ఇంటికి పంపుటకు జేబులో నాలుగు రూకలుండవలెను. మునుగుచున్న పడవకు సరంగు ఎవ్వడు కావలెనని మేము గంటసేపు వాదించితిమి గాని, అడుగుచెక్కను పెరికి అమ్ముకొన్నదెవ్వరని ఒక్కడును అడుగలేదు. ఏ సంస్థ మునిగినను మన చర్చ ఇట్లే నడచును. పంపు చెడిన ఊరిలో పంపు తిప్పువానిని మార్చెదము.

ఇంతలో, పైమెట్టుమీద బంతి నొకదానిని కాలితో ఆడించుచు మా మాటలు వినుచుండిన మాస్టారి మనుమడు, కళాశాల విద్యార్థి, మెల్లగా నోరు విప్పెను.

“తాతగారూ, ఆఖర్న వస్తే కింది లీగుకి తోసేస్తారు, అదే రెలిగేషన్ అని మీరంతా కంగారుపడుతున్నారు గానీ, ఈ లీగులో అసలు రెలిగేషనే లేదండి. ఆఖర్న వచ్చినా అక్కడే ఉంటారు.”

ఆ మాట పిడుగుపాటువలె తగిలినది. విచారింపగా, ఎక్కుటకు మెట్టు కట్టియున్నారు; క్రింది ఐ-లీగును గెలిచి పంజాబు జట్టు 2023లో పైకి వచ్చినది. దిగుటకు మాత్రము అప్పటికి మెట్టు లేకుండెను. 2024-25 నుండి దిగజార్పు నుంచవలెనని 2019లోనే దారిపటము గీసిరి గాని, ఆ యేడును దానిని అమలుజరుపలేదు.

“ఓడిన పుంజు కూరైపోద్దండి. ఓడిన జట్టు మళ్ళీ బరిలోకే వచ్చుద్దా?” అని రాజుగారు ఆశ్చర్యపడిరి.

కుర్రవాడు ఊరకుండలేదు. “మంచిదే కదండీ? 2020లో ఆఖర్న ఉన్నాళ్ళు, కిందకి తొయ్యలేదు కాబట్టే రెండేళ్ళలో కప్పు కొట్టారు,” అనెను. న్యాయమైన మాటయే. కాని ఆనాడు వారిని లేపినది తలుపు తెరచియుంచిన లీగు దయ కాదు, చేయిపట్టి నడిపిన శిక్షకుని నేర్పు. నాలుగేండ్లకు అదే తలుపు తెరచియే యున్నది. చేయి పట్టువాడు లేడు.

తరువాతి కథ పాఠకులెరుగుదురు. మార్చిలో చెన్నయిన్ జట్టుపై ఒక్క గెలుపు దొరకినది. ఒక గెలుపు, అయిదు సమములు, పదునారు ఓటములు, ఎనిమిది పాయింట్లు. పన్నెండు జట్లలో పన్నెండవ స్థానము. ఎవ్వరును క్రిందికి దింపలేదు. మరుసటి యేడు కొత్త యజమానులు వచ్చిరి. 18 పాయింట్లు వచ్చినవి. పదమూడింట పన్నెండవ స్థానము వచ్చినది. అప్పుడును ఎవ్వరును దింపలేదు. 2025లో మాత్రము జట్టునకు జట్టే లేచి, పేరు మార్చుకొని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీయై కూర్చున్నది.

జూదమున ఓడిన పాండవులకు పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము. కోడిపందెమున ఓడిన పలనాటి బ్రహ్మనాయనికి ఏడేండ్ల వలస. మన పూర్వులు ఓడినవానిని పంపివేసిరి గాని, తిరిగి వచ్చుటకు గడువు కూడ వ్రాసియిచ్చిరి. ఓటమికి శిక్షయే లేకుండిన మన లీగున ఓడిన జట్టు అరణ్యమునకు పోలేదు. తిన్నగా ఇంద్రప్రస్థమునకే పోయినది. తిరిగి వచ్చు గడువు మాత్రము ఏ పత్రమునను లేదు.

క్రిందిమెట్టును మనము అవమానమనుకొందుము. మా సభ కూర్చున్న ఆ ఫిబ్రవరిలోనే, అదే హైదరాబాదులో, అంతకుముందటి యేడు రంజీ ట్రోఫీ పైశ్రేణినుండి ప్లేటు శ్రేణికి జారిన క్రికెట్టు జట్టు మేఘాలయను గెలిచి తిరిగి పైకెక్కినది. ఇంగ్లండున వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలింప అనుమతి లభించిన 2002లోనే, దాని అభిమానులు చందాలు పోగుచేసికొని తమ జట్టు నొకదానిని స్థాపించి, తొమ్మిదవ శ్రేణిలో చిన్నచిన్న మైదానములలో ఆడి, 2011 నాటికి నాలుగవ శ్రేణికి చేరిరి. తొమ్మిదవ మెట్టు అనునది ఒకటున్నది గనుక వారు కాలు మోపగలిగిరి. మనకు బాలయోగిగారి పేరుగల మైదానము మిగిలినది, రహీముగారి పేరు మిగిలినది. కాలు మోపుటకు మెట్టు కట్టుట యొక్కటి మిగిలిపోయినది.

మొన్న సభలో ఈ సంగతియే నేను సుదీర్ఘముగా ఉపన్యసించుచుండగా, మనుమని కాలినుండి బంతి తప్పి, మెట్టువెంట మెట్టు దొరలుచు నీటివైపు పోయినది. అందరము లేచి నిలిచితిమి. నీటికి జానెడు పైనున్న ఆఖరి మెట్టున, పాచిలో తగులుకొని అది ఆగినది. కుర్రవాడు దిగి, బంతిని పంచెచెంగున తుడువబోయి, తాను తొడిగినది ప్యాంటని గుర్తెరిగి, తాతగారి కండువాతో తుడిచి పైకి తెచ్చెను.

లస్కరు బీడీ నార్పి, “ఆ ఆఖరి మెట్టు లేకపోతే, ఈపాటికి మీ బంతి ధవళేశ్వరం గేట్లకాడ తేలేదండి,” అనెను.

ఎవ్వరును మారుపలుకలేదు. రాజుగారు మాత్రము వ్రేళ్ళు మడిచి లెక్కకట్టుచు, వచ్చే శనివారము ఢిల్లీవారికి డేగ అచ్చివచ్చునా, కాకి అచ్చివచ్చునా యని నన్నడిగిరి.