చిక్క గడియారం: టీకా తాత్పర్య సహితము

మూలం: "అన్నా, చిక్క గడియారం కాడుండా, బిర్నా రా."

అవతారిక: కెంచార్లహళ్ళి నుంచి చింతామణి, బెంగళూరుల మీదుగా మైసూరు చేరిన అన్నదమ్ములు దేవరాజ మార్కెట్టులో విడిపోగా, తమ్ముడు బయటపడి ఫోనులో చేసిన విన్నపమిది. తప్పిపోయినది అన్నా, తమ్ముడా అన్న వాదం ఇంకా తెగలేదు.

ప్రతిపదార్థం: అన్నా = సంచీలు మోయవలసిన ఓ అగ్రజుడా; చిక్క గడియారం = 1886లో వైస్రాయి లార్డ్ డఫరిన్ మైసూరు వచ్చినందుకు గుర్తుగా వెలసిన గడియారపు గోపురము యొక్క; కాడ = నీడపట్టున; ఉండా = నంజనగూడు రసబాళె అరటిపండ్లు చంకన పెట్టుకొని నిలిచియున్నాను; బిర్నా = మల్లెపూలు మూరెంతని బేరమాడుట మాని; రా = రమ్ము.

వ్యాఖ్య: అంతటి దొరగారి గుర్తును 'చిక్క' అనవచ్చునా అని శంక. కట్టిననాడు దాన్నెవరూ చిన్నదనలేదు, అనడానికి పక్కన పెద్దది లేదు గనుక. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు అధికారం చేపట్టి 25 ఏళ్ళు నిండాయని 1927లో ప్యాలెస్ ఉద్యోగులు టౌన్‌హాల్ దగ్గర 75 అడుగుల 'దొడ్డ గడియారం' నిలబెట్టారు. దాని మీద అంకెలు కన్నడంలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం నేర్చిన మన సీమవాడికి అవి చుట్టాలే. లోకంలో తమ్ముడు పుడితే ముందువాడు పెద్దోడవుతాడు. ఇక్కడ 41 ఏళ్ళ తర్వాత పుట్టినది తానే పెద్దదై, ముందుదాన్ని చిన్నది చేసింది. నాలుగు రోజుల చుట్టానికీ పాతికేళ్ళు ఏలినవాడికీ ఆమాత్రం తేడా ఉండవలసిందేనని ఈ వ్యాఖ్యాత మతం. డఫరిన్ పేరు చెబితే ఆటోవాడు మన మొహం చూస్తాడు, చిక్క గడియారమంటే బండి తిప్పుతాడు.

మరొక శంక. గడియారం కిందే ఉన్నవాడు టైమెంతో చెప్పక 'బిర్నా' అని ఊరుకున్నాడేమి? తలెత్తితే జనం తోసుకుపోతారని ఒకరు. టైము ఫోనులోనే ఉందని మరొకరు. కైవారం తాతయ్య మన తాలూకాలోనే కాలజ్ఞానం చెప్పివున్నాడు గనుక మనకు ముల్లుతో పని లేదని మూడోవారు. ఇవన్నీ పూర్వపక్షాలు. ఆ గోపురం దగ్గరికి జనం పోయేది గంట తెలుసుకోవడానికి కాదు, ఒకరికొకరు దొరకడానికి. ఆ పని అది ముల్లు ఆగినా చేస్తుంది. వైస్రాయి రాకకు గుర్తుగా కట్టినవారు ఈ ఉపయోగం ఊహించి ఉండరు.

తాత్పర్యం: ఓ అన్నా, కాళ్ళు పీకుతున్నవి, వేగిరమే రమ్ము.

విశేషం: అన్న అప్పటికే దొడ్డ గడియారం కింద నిలబడి తమ్ముణ్ణి తిడుతున్నాడు. రెంటికీ మధ్య నడిచిపోయేంత దూరమే. మైసూరు పోయే పాఠకులారా, మార్కెట్టులో అడుగుపెట్టక ముందే ఏ గడియారమో ఖాయం చేసుకోండి.