తెర మీద ఏముందో చూసేదాన్ని

నన్ను మాక్రో అంటారు. ఎక్సెల్ ఫైలులో షీట్ల వెనక, ఆల్ట్, ఎఫ్11 నొక్కితే తప్ప కనబడని చోట నా కాపురం. 1993లో ఐదో ఎక్సెల్‌తో పాటు వచ్చిన వీబీఏ నా మాతృభాష. నేను పుట్టింది మాత్రం ఒక రైసు మిల్లు ఆఫీసులో, ఒక తప్పు వల్ల.

రైతులకు ధాన్యం డబ్బులు వేసే జాబితా అది. అప్పటికే డబ్బు అందినవాళ్ల వరుసల్ని గుమస్తా కుర్రాడు రైట్ క్లిక్ చేసి హైడ్ చేశాడు. మిగిలినవి కాపీ చేసి బ్యాంకుకు పంపే షీట్‌లో పేస్ట్ చేశాడు. ఫిల్టర్ పెట్టి ఉంటే కనబడే వరుసలే వచ్చేవి. చేత్తో దాచినవి అలా కాదు, కాపీలో అవీ కలిసి వచ్చేస్తాయి. ముందే ఆల్ట్, సెమికోలన్ నొక్కి ఉంటే తప్పిపోయేది. పదకొండు మందికి రెండోసారి డబ్బు పడింది. ఆ డబ్బు తిరిగి అడగడానికి అకౌంట్స్ చూసే అక్క ఊరూరా తిరిగింది. తిరిగొచ్చాక రాత్రుళ్లు కూర్చుని నన్ను రాసింది.

"జాబితా మొత్తం చూడకుండా ఎవరూ సరే నొక్కకూడదు." నాకు అప్పగించిన పని అదొక్కటే.

చెప్పినంత తేలిక కాదది. మౌస్ చక్రం తిప్పి పైకీ కిందికీ పోతే ఆ సంగతి ఎక్సెల్ మాకు చెప్పదు. గడి మార్చితే చెబుతుంది, స్క్రోల్ చేస్తే చెప్పదు. అందుకని రెండు సెకన్లకోసారి నేనే లేచి, విజిబుల్‌రేంజ్‌ని అడిగి, తెర మీద ఏ వరుస నుంచి ఏ వరుస దాకా ఉందో తెలుసుకునేదాన్ని. ఆ జవాబులోనూ మెలికలున్నాయి. 40 నుంచి 75 అని చెబుతుంది, మధ్యలో దాచిన ఆరు వరుసల్నీ కలుపుకునే. అడుగున సగం తెగి కనబడే వరుసనూ లెక్కలో వేస్తుంది. అక్క అవన్నీ పట్టుకుంది. ఒక్కో వరుసనూ దాచారా లేదా అని విడిగా అడిగించింది, చివరి వరుసను వదిలేయించింది. అన్నీ సరిపోతేనే ఆ రైతు పేరు పక్కన టిక్కు పెట్టేదాన్ని.

ఒక రాత్రి తొమ్మిదింటికి, లారీ కోసం అందరూ తొందరపడుతుంటే, 312వ వరుస దగ్గర ఆపేశాను. ఎవరూ చూడని వరుస అది. 48 బస్తాలు 480 అని పడి ఉన్నాయి.

"ఏంటక్కా, ఇది ప్రతిసారీ ఆపేస్తుంది?" అన్నాడు కుర్రాడు.

"ఆపినప్పుడే చూడు తమ్ముడూ" అంది అక్క. ఆ మాట నాకింకా గుర్తే.

అక్క ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత నా గోడు పట్టించుకున్నవాళ్లు లేరు. 1999లో మెలిస్సా అనే వర్డ్ మాక్రో మెయిళ్లలో దూరి ప్రపంచాన్ని వణికించింది. అలాంటివాళ్ల పాపం మా వంశమంతా మోస్తోంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ముందుగానే ఆపేస్తోంది. జాగ్రత్త మంచిదే, కాదనను. కానీ మెయిల్‌లో వచ్చిన నా ఫైలు తెరవగానే ఎర్రపట్టీ వచ్చింది. వెనకటి పసుపుపట్టీకి ఎనేబుల్ బటనైనా ఉండేది, దీనికి అదీ లేదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ మీద టిక్కు పెడితే నేను లేచేదాన్ని. ఎవరూ వెళ్లలేదు. ఫైలును ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా సేవ్ చేశారు. మాక్రోలు పోతాయి, పర్వాలేదా అని ఎక్సెల్ అడిగింది. పర్వాలేదన్నారు. ఆ రకం ఫైలులో మాకు చోటుండదు.

నా పాత కాపీ "పాతవి" అనే ఫోల్డర్లో ఉంది. కొత్త ఫైలులో నేను లేను గానీ, నేను టిక్కులు పెట్టే గడులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కుర్రాడే మొదటి గడిలో ఒక టిక్కు కొట్టి, మూల పట్టుకుని చివరి రైతు దాకా కిందికి లాగేస్తున్నాడు.