ఆధారం చూపండి, అధ్యక్షా!

అమెరికాలో ఒక లా లైబ్రేరియన్ ముందు ఆధారం లేని మాట ఒక్కటి అని చూడండి. ఏ కోర్టు, ఏ సంపుటం, ఎన్నో పేజీ, ఆ తీర్పును పై కోర్టు కొట్టేసిందా, నిలబెట్టిందా? ఇవన్నీ తేలేదాకా మిమ్మల్ని కుర్చీలోంచి లేవనివ్వరు. ఏ తీర్పు తర్వాత ఏమైందో చూపే పట్టికలను ఫ్రాంక్ షెపర్డ్ 1873లోనే అమ్మకానికి పెట్టాడు. అప్పటినుంచీ ఆ దేశపు న్యాయవృత్తికి ఈ ఆరా అలవాటైపోయింది. అంత ఆరా తీసేవాళ్లు సొంత సంఘం భవిష్యత్తు రాసుకోవడానికి కూర్చుంటే మాత్రం సంపుటమూ ఉండదు, పేజీ కూడా ఉండదు. సాధికారత, నాయకత్వం, సమన్వయం, విలువ అని నాలుగు మాటలు రాసి, కింద వ్యూహ ప్రణాళిక అని సంతకం పెట్టేస్తారు.

వృత్తి సంఘాల్లో ఈ పత్రం ఎలా తయారవుతుందో తెలియనిదేముంది! ముందు ఓ కార్యదళాన్ని వేస్తారు. దాని నెత్తిన ఓ కన్సల్టెంటును కూర్చోబెడతారు. ఆయనకు చట్టం తెలియదు, లైబ్రరీ తెలియదు. ఆ రెండూ తెలియకపోవడమే ఆయన అర్హత. హోటల్ హాల్లో గోడ నిండా పసుపు చీటీలు అంటిస్తారు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్లు గీస్తారు. పాతికేళ్ల సర్వీసున్న ఓ లైబ్రేరియన్ లేచి, ముప్పుల గడిలో ‘డేటాబేసు చందాల ధరలు’ అని రాసొస్తుంది. సాయంత్రానికి ఆ చీటీ ‘భాగస్వాములతో బంధాల బలోపేతం’గా మారి అవకాశాల గడిలో తేలుతుంది. ఎందుకంటే ఆ డేటాబేసులు అమ్మే కంపెనీలే భాగస్వాములు, వార్షిక సభల ఖర్చులో వాళ్ల చెయ్యి కూడా ఉంటుంది.

ఇదంతా కడుపుమంట అంటారేమో. అయితే రికార్డు చూద్దాం, అధ్యక్షా. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ లా లైబ్రరీస్ 1906లో రోడ్ ఐలండ్‌లోని నారగాన్సెట్ పియర్‌లో పుట్టింది. 1908 నుంచి సొంత పత్రిక నడుపుతోంది. వందేళ్లు దాటిన ఆ సంఘానికి 2015 చివర్లో తన పేరే అడ్డమని తోచింది. ‘అసోసియేషన్ ఫర్ లీగల్ ఇన్ఫర్మేషన్’ అని మార్చుకుందామంది. కొత్త పేరులో లైబ్రరీ అన్న మాటే లేదు. పొడి అక్షరాల్లో చెప్తే ఏఎల్ఐ. ఆ మూడక్షరాలనూ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1923 నుంచి వాడుకుంటోందని లా కాలేజీలో మొదటేడు పిల్లవాడిని అడిగినా చెప్తాడు. ఊరందరికీ వెతికిపెట్టడమే బతుకుతెరువైన సంఘం తన పేరు విషయంలో ఆ కాస్త వెతుకులాటకు ఎంత విలువిచ్చిందో చూడండి. 2016 మొదట్లో సభ్యులు ఓటేశారు. నూటికి దాదాపు 80 మంది వద్దన్నారు. ఆ ఏడాది సంఘంలో జరిగిన అసలైన వ్యూహరచన అదే. దానికి కన్సల్టెంటు ఫీజు కూడా పడలేదు.

పోనీ, ఈ పిచ్చి వీళ్లతోనే మొదలైందా? పక్కింటి స్పెషల్ లైబ్రరీస్ అసోసియేషన్ 1909 నాటిది. నూరేళ్లు నిండిన 2009లో అదీ ‘అసోసియేషన్ ఫర్ స్ట్రాటజిక్ నాలెడ్జ్ ప్రొఫెషనల్స్’ అని బోర్డు మార్చబోయింది. అక్కడైతే వ్యూహం ఏకంగా పేరులోకే ఎక్కబోయింది. సభ్యులు తిప్పికొట్టారు. పేరు నిలిచింది గానీ సంఘం నిలవలేదు. 2025లో సంఘాన్నే మూసేస్తున్నామని ప్రకటించారు. పేరు గురించి అంత తలబద్దలు కొట్టుకున్న ఇంట్లో పునాది చూసే తీరిక ఎవరికి చిక్కింది?

ఈ సంఘాలకు పని చేతకాదని కాదు నా వాదన. చేతనవును, రుజువుంది. 2007లో ఇదే లా లైబ్రరీల సంఘం రాష్ట్రం వెంట రాష్ట్రం తిరగేసి, ఇంటర్నెట్‌లో పెట్టిన చట్టాల ప్రతి అసలుదేనా కాదా అని తేల్చే ఏర్పాటు సరిగా ఎక్కడా లేదని నివేదిక ఇచ్చింది. దాని ఊపుతోనే 2011లో ఎలక్ట్రానిక్ చట్టపాఠాల మీద నమూనా చట్టం వచ్చింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు దాన్ని ఆమోదించాయి. ఒక ప్రశ్న, ఒక లెక్క, ఒక ఫలితం. గోడమీద చీటీ అక్కర్లేకపోయింది.

ఇవాళ కూడా ప్రశ్నలకు కరువేం లేదు. ఫెడరల్ కోర్టు కాగితాలను పేసర్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడాలంటే పేజీకి 10 సెంట్లు. సొంత కోర్టు ఫైళ్లకు పౌరుడు సుంకం ఎందుకు కట్టాలి? వెస్ట్‌లా, లెక్సిస్ అనే న్యాయ డేటాబేసులకు ఎంత కడుతున్నారో పక్క లైబ్రరీకి చెప్పకూడదనే షరతు మీద సంతకాలు ఎందుకు? 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను లాయర్లు కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. తీర్పు నిజంగా ఉందా లేదా అని చూడడం కదా ఈ వృత్తి పుట్టుక? ఇంతకన్నా మంచి అదను మళ్లీ వస్తుందా? ‘కృత్రిమ మేధను అందిపుచ్చుకుందాం’ అని ఒక వాక్యం రాస్తే ఆ అదను పట్టినట్టేనా?

కాబట్టి మనవి ఒక్కటే, అధ్యక్షా. కొత్త ప్రణాళిక అచ్చేసేముందు పాతదాన్ని బల్లమీదికి తీయండి. ఒక్కో వాక్యం పక్కన అమలైంది, రద్దయింది, గడువు తీరిపోయింది అని రాయండి. కొత్త వాక్యానికి చేసేదెవరు, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో అన్నది జతచేయండి. అది మీ రోజువారీ పనే, కొత్త విద్య కాదు. అలా కుదరదంటారా? అయితే ఆ పత్రాన్ని చట్టాల అరలో పెట్టకండి. కట్టుకథలకు ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ వేరే ఉంది.